హనోయ్ నుంచి సైగాన్‌కి: రెండు గంటల విమానంలో దేశమే మారిపోయినట్టు ఎందుకు అనిపిస్తుంది?

ఈ మధ్య మనవాళ్ల విదేశీ ప్రయాణాల్లో వియత్నాం పేరు బాగా వినపడుతోంది. 2023 ఆగస్టు నుంచి ఆ దేశం ఈ-వీసా గడువును 90 రోజులకు పెంచింది. టూర్ ప్యాకేజీలు చాలావరకు ఒకే దారిలో వెళ్తాయి: ముందు హనోయ్, హాలాంగ్ బే, తర్వాత దనాంగ్, చివర సైగాన్ (హోచిమిన్ సిటీ). తిరిగొచ్చినవాళ్ల మాటలు కూడా దాదాపు ఒకేలా ఉంటాయి. హనోయ్ వాళ్లు ముభావంగా ఉన్నారనీ, సైగాన్‌లో మనుషులు ఇట్టే కలిసిపోయారనీ, హనోయ్‌లో చలి సైగాన్‌లో ఉక్క అనీ, రెండూ ఒకే దేశమంటే నమ్మబుద్ధి కాలేదనీ చెబుతారు. చరిత్ర కాస్త తెలిసినవాళ్లు "ఒకప్పుడు రెండు దేశాలు కదా, యుద్ధం అయ్యాక కలిశాయి, అందుకే" అని తేల్చేస్తారు.

తేడా ఉందన్నంతవరకు ఈ మాటల్లో తప్పు లేదు. వచ్చిన చిక్కంతా కారణం దగ్గరే. వాతావరణం వల్ల వచ్చినదాన్ని మనుషుల స్వభావానికీ, మూడు వందల ఏళ్ల కిందటి వలసల వల్ల వచ్చినదాన్ని ఇరవై ఏళ్ల యుద్ధానికీ, మన ప్రయాణం సాగిన వరుస వల్ల వచ్చినదాన్ని ఆ ఊరికీ అంటగడుతుంటాం. 2025 ఏప్రిల్ 30కి ఆ యుద్ధం ముగిసి 50 ఏళ్లయింది. అదే ఏడాది జూలై 1 నుంచి వియత్నాం తన 63 ప్రావిన్సులు, నగరాలను కలిపి 34 చేసింది. ఉత్తరం, దక్షిణం అనే మాట మళ్లీ చర్చకు వచ్చిన ఈ సమయంలో, ఆ తేడాలో ఏ భాగం ఎక్కడి నుంచి వచ్చిందో విడదీసి చూడటం అవసరం.

## ముందు మ్యాపు చూద్దాం

వియత్నాం సన్నగా, పొడుగ్గా ఉండే దేశం. పైనుంచి కిందికి దాదాపు 1,650 కిలోమీటర్లు. మధ్యలో ఒకచోట వెడల్పు 50 కిలోమీటర్లే. పైన ఎర్రనది డెల్టా, అందులో హనోయ్. కింద మెకాంగ్ డెల్టా, దాని అంచున సైగాన్. రెంటి మధ్య కొండలకీ సముద్రానికీ నడుమ ఇరుకైన తీరం, అందులో హ్యూ, దనాంగ్. వియత్నాం వాళ్లు తమ దేశాన్ని ఈ మూడు భాగాలుగానే చెప్పుకుంటారు. రెండు భాగాల లెక్క ఎక్కువగా బయటివాళ్లది.

హనోయ్ 1010లో రాజధాని అయింది. సైగాన్‌లో వియత్నాం పాలన 1698లో మొదలైంది. అంతకుముందు అది ఖ్మేర్ (ఇప్పటి కంబోడియా) రాజ్యపు రేవు. 1976లో దాని పేరు హోచిమిన్ సిటీగా మారినా జనం నోట సైగాన్ అనే నలుగుతోంది కాబట్టి ఇక్కడా అదే వాడుతున్నాను. రెండు నగరాల వయసులో దాదాపు ఏడు వందల ఏళ్ల తేడా ఉందన్న సంగతి గుర్తుంచుకుంటే, ముందు ముందు చాలా విషయాలు సులువుగా అర్థమవుతాయి.

## మొదట తగిలేది గాలి

విమానం దిగగానే ఒంటికి తెలిసే తేడా వాతావరణం. దీనికి కారణం మనం అనుకున్నంత సాదాగా లేదు.

హనోయ్ ఇంచుమించు నాగపూర్ అక్షాంశంలో ఉంది, సైగాన్ తిరుచిరాపల్లి అక్షాంశంలో. అంటే రెండూ ఉష్ణమండలంలోవే. అయినా జనవరిలో హనోయ్ సగటు ఉష్ణోగ్రత 17 డిగ్రీల దగ్గర ఉంటుంది, చలిగాలులు వచ్చిన రోజుల్లో 10 దాకా పడిపోతుంది. నాగపూర్‌లోనూ జనవరి రాత్రులు చల్లగానే ఉంటాయి కానీ పగలు ఎండ కాస్తుంది. హనోయ్‌లో పగలు కూడా మబ్బు, తడి, సన్నని తుంపర. ఇళ్లలో హీటర్లు ఉండటం తక్కువ. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి గాల్లో తేమ ఎంత పెరుగుతుందంటే టైల్స్ నేల మీద నీళ్లు చెమ్మగిల్లి నిలుస్తాయి, ఉతికిన బట్టలు రోజుల తరబడి ఆరవు.

ఎందుకిలా? మనకు ఉత్తరాన హిమాలయాలు ఉన్నాయి. మధ్య ఆసియా, సైబీరియా చలిగాలులు అక్కడే ఆగిపోతాయి. ఉత్తర వియత్నాంకి ఆ రక్షణ లేదు. సైబీరియా మీద పేరుకున్న చల్లగాలి చైనా మీదుగా జారుతూ ఎర్రనది డెల్టా దాకా వచ్చేస్తుంది, దారిలో సముద్రపు తేమను కూడా ఎత్తుకొస్తుంది.

ఆ గాలి దక్షిణానికి వెళ్లే దారిలో ఒక అడ్డుంది. హ్యూకి, దనాంగ్‌కి మధ్య కొండలు నేరుగా సముద్రం దాకా వస్తాయి. అక్కడ హాయ్ వాన్ కనుమ, దాదాపు 500 మీటర్ల ఎత్తు. చలిగాలి చాలావరకు ఇక్కడే బలహీనపడుతుంది. శీతాకాలంలో కనుమకు ఉత్తరాన ముసురు, దక్షిణాన ఎండ ఒకే రోజు కనపడటం అక్కడివాళ్లకు మామూలు. 2005లో కనుమ కింద 6 కిలోమీటర్లకు పైగా పొడవున్న సొరంగం తెరిచాక బస్సులు, కార్లు అటు మళ్లాయి. ఇప్పుడు ఒక వాతావరణంలోంచి ఇంకో వాతావరణంలోకి పది నిమిషాల్లో వెళ్లిపోతాం. పాత ఘాట్ రోడ్డు మీద వెళ్లేవాళ్లకు మాత్రం ఆ మార్పు మలుపు మలుపుకీ తెలుస్తుంది.

మధ్య తీరానికి ఇంకో లెక్క ఉంది. ఉత్తరాన, దక్షిణాన వానలు ప్రధానంగా మే నుంచి అక్టోబరు, నవంబరు దాకా పడితే, హ్యూ, దనాంగ్‌లలో సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు కురుస్తాయి. ఈశాన్య గాలులు సముద్రం మీదుగా వచ్చి కొండలకు తగలడం, తుపానులు కలిసి రావడం దీనికి కారణం. నెల్లూరు వాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. తెలంగాణలో నైరుతి వానలు వెనక్కి తగ్గాక నెల్లూరులో అసలు వాన మొదలైనట్టే అక్కడా జరుగుతుంది. "నవంబరులో వియత్నాం వాతావరణం ఎలా ఉంటుంది?" అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేకపోవడానికి కారణం ఇదే.

ఈ వాతావరణం మనుషుల కనపడే తీరునూ మార్చేస్తుంది. చలికి, తుంపరకి జాకెట్ బిగించుకుని, మాస్కు పెట్టుకుని, తల దించుకుని వెళ్లే మనిషి ముభావంగా కనిపిస్తాడు. ఏడాది పొడవునా సగటు ఉష్ణోగ్రత 26 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండే ఊళ్లో, రాత్రి పదింటికి కూడా ఫుట్‌పాత్ మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునే మనిషి సరదాగా కనిపిస్తాడు. జనవరిలో వెళ్లి రెండు ఊళ్లనూ పోల్చినవాళ్లు, ఏప్రిల్‌లో హనోయ్ చెరువు గట్టున చీకటి పడ్డాక గుంపులు గుంపులుగా కూర్చునే కుర్రకారును చూసి ఉంటే అదే మాట అనేవాళ్లా అన్నది నా సందేహం.

## ఒకే ఫో, రెండు బల్లలు

తేడాను దగ్గరగా చూడాలంటే ఒక ఫో గిన్నె చాలు. ఎముకలు గంటలకొద్దీ మరిగించిన పులుసులో బియ్యపు పట్టీలు, పలచటి మాంసం ముక్కలు వేసి ఇచ్చే ఈ వంటకం దేశమంతా ఉంది.

హనోయ్‌లో గిన్నె దాదాపు పూర్తయి వస్తుంది. పులుసు తేటగా ఉంటుంది, పైన ఉల్లికాడలు దండిగా, పక్కన వెల్లుల్లి వేసిన వెనిగర్, నిమ్మ, మిరప. నంజుకోవడానికి నూనెలో వేయించిన పిండి కాడలు. రుచి ఎలా ఉండాలో వంటవాడే తేలుస్తాడు. సైగాన్‌లో గిన్నె కంటే ముందే ఒక పళ్లెం వస్తుంది: మొలకలు, తులసి జాతి ఆకులు, ఇంకా రెండు మూడు రకాల ఆకుకూరలు, నిమ్మ. బల్ల మీద తీపి సోయా సాస్, చిల్లీ సాస్ సీసాలు. పులుసులో కాస్త తీపి. ఎవరి గిన్నె వాళ్లు సర్దుకోవాలి.

ఇక్కడ కారణాలు నేలలోనే ఉన్నాయి. మెకాంగ్ డెల్టాలో ఏడాదంతా ఆకుకూరలు, కొబ్బరి, చెరకు, పళ్లు దండిగా దొరుకుతాయి. ఖ్మేర్, చైనా వలసదారుల వంటలు కూడా అక్కడే కలిశాయి. ఉత్తరాన చలికాలం వల్ల పంటకు పరిమితులు ఉన్నాయి. ఫో పుట్టింది ఉత్తరానే, 20వ శతాబ్దం మొదట్లో. దక్షిణాన అది ఊరూరా పాకింది 1954 వలసల తర్వాత. అంటే "సైగాన్ ఫో" అని మనం తినేది ఉత్తరాది వాళ్లు వెంట తెచ్చుకుని, దక్షిణాది పంటలతో మార్చుకున్న వంట.

కొత్త సంవత్సరం పండుగ టెట్‌లోనూ ఇదే కథ. ఉత్తరాన ఇళ్లలో గులాబీ రంగు పీచ్ కొమ్మ పెడతారు, దక్షిణాన పసుపు పచ్చని మాయ్ పూలు. పీచ్ చెట్టు పూయాలంటే చలి కావాలి, సైగాన్‌లో అది దొరకదు. చూసేవాళ్లకు సంప్రదాయంలో తేడాగా కనిపించేది చెట్టుకు కావలసిన చలిలో తేడా.

## గీతలు ఎన్నిసార్లు మారాయి

వియత్నాం అనగానే అందరికీ గుర్తొచ్చే గీత 17వ అక్షాంశం. 1954 జెనీవా ఒప్పందంతో బెన్ హాయ్ నది దగ్గర దేశం రెండుగా చీలింది: ఉత్తరాన కమ్యూనిస్టు ప్రభుత్వం, దక్షిణాన అమెరికా అండ ఉన్న ప్రభుత్వం. 1975 ఏప్రిల్ 30న ఉత్తరాది సేనల చేతిలో సైగాన్ పడిపోయింది, 1976 జూలై 2న లాంఛనంగా ఒకటైంది. మొత్తం 20 ఏళ్ల పైమాట.

అదొక్కటే గీత కాదు, మొదటిదీ కాదు. ఇప్పుడు మధ్య వియత్నాం అంటున్న నేల చాలా శతాబ్దాలు చంపా రాజ్యం. వాళ్ల భాష వేరు, శివుడికి ఇటుక గుళ్లు కట్టారు, సంస్కృతంలో శాసనాలు వేయించారు. దనాంగ్ వెళ్లిన మనవాళ్లు చూసే మీ సన్ గుళ్లు వాళ్లవే. 1306లో ఒక రాచ పెళ్లి సందర్భంగా హ్యూ పరిసరాలు ఉత్తరాది దాయ్ వియెట్ రాజ్యం చేతికి వచ్చాయి. 1471లో చంపా రాజధాని విజయ పడిపోయింది. ఆ తర్వాత రైతులు, సైనికులు, శిక్ష పడ్డవాళ్లు, భూమి లేనివాళ్లు కిందికి కిందికి జరుగుతూ పోయారు. 17వ శతాబ్దంలో ఉత్తరాన చిన్ కుటుంబం, దక్షిణాన న్యుయెన్ కుటుంబం వేరువేరుగా పాలించాయి. వాళ్ల మధ్య హద్దు జాన్ నది. ఈ చీలిక దాదాపు 150 ఏళ్లు సాగి, 1802లో గానీ దేశం ఒక్క రాజు కిందికి రాలేదు.

తర్వాత ఫ్రెంచివాళ్లు మళ్లీ విడదీశారు. దక్షిణాన్ని 1860ల్లోనే నేరుగా తమ వలసగా చేసుకున్నారు. మధ్య, ఉత్తర భాగాల్లో 1880ల నుంచి పేరుకు రాజును ఉంచి, రక్షిత ప్రాంతాలుగా నడిపారు. చట్టాలూ పన్నులూ వేరు, భూమి పెత్తనం తీరు వేరు. 1954 గీత ఇన్ని పాత గీతల మీద పడిన ఇంకొక గీత.

## కట్టుకున్న ఊరు, పరుచుకున్న ఊరు

ఈ చరిత్ర ఇవాళ్టి మనిషి ప్రవర్తన దాకా ఎలా వస్తుంది? దీనికి పరిశోధకులు ఎక్కువగా చూపించే దారి పల్లెటూరు.

ఎర్రనది వరదల నది. వెయ్యేళ్లకు పైగా దానికి గట్లు కడుతూ, కాపాడుకుంటూ వచ్చారు. గట్టు తెగితే ఊళ్లన్నీ మునుగుతాయి కాబట్టి ఆ పని కలిసి చేయాల్సిందే. ఇళ్లు ఒకచోట కిక్కిరిసి, చుట్టూ వెదురు కంచె, ఊరికి ద్వారం, మధ్యలో గ్రామదేవత మందిరం. ఊళ్లో ఉమ్మడి భూములు, ఊరి కట్టుబాట్లు. రాజాజ్ఞ కూడా ఊరి ఆచారం ముందు ఓడిపోతుందని వాళ్లకొక సామెత. ఇలాంటి ఊళ్లో తెలియని మనిషిని వెంటనే లోపలికి పిలవరు. ఎవరి తాలూకా అని ముందు ఆరా తీస్తారు.

మెకాంగ్ డెల్టా ఊళ్లు అలా కావు. కాలువల వెంబడి, నది వెంబడి ఇళ్లు బారుగా సాగిపోతాయి. కంచె లేదు, ద్వారం లేదు. అక్కడికి చేరినవాళ్లందరూ ఏదో ఒక తరంలో కొత్తవాళ్లే. భూమి ఉంది, మనుషులు తక్కువ. నచ్చకపోతే ఇంకో కాలువ గట్టుకు వెళ్లొచ్చు. కొత్త మనిషి అంటే కూలీకో, పొత్తుకో, బేరానికో పనికొచ్చే మనిషి.

ఈ వివరణ నాకు నచ్చుతుంది, కానీ దీన్ని మితిమీరి వాడటం ప్రమాదం. పల్లె నమూనా పట్నం మనిషికి అచ్చంగా సరిపోదు. పైగా దక్షిణం మొత్తం ఒకే తీరుగా లేదు. 2018లో ఎకనోమెట్రికా పత్రికలో అచ్చయిన ఒక అధ్యయనం 1698 నాటి దాయ్ వియెట్-ఖ్మేర్ హద్దుకు రెండు పక్కల ఉన్న ఊళ్లను పోల్చింది. రెండు పక్కలూ దక్షిణంలోవే. బలమైన గ్రామ పాలన ఉన్న దాయ్ వియెట్ వైపు ఊళ్లలో ఇప్పటికీ జీవన ప్రమాణాలు మెరుగ్గా ఉన్నాయని, జనం కలిసి పనులు చేసుకోవడం ఎక్కువని తేలింది. మూడు వందల ఏళ్ల నాటి హద్దు ఇంకా కనపడుతోందంటే, 1954 గీత ఒక్కటే అన్నిటికీ కారణం అనడం కుదరదు.

## "అంతా యుద్ధం వల్లే" అనేవాళ్ల వాదన

దాన్ని కొట్టిపారేయలేం. ఉత్తరాన 1950ల నుంచే పొలాలు సహకార సంఘాలయ్యాయి, దుకాణాలు ప్రభుత్వానివయ్యాయి. బియ్యం, బట్ట అన్నీ కూపన్ల మీదే. దక్షిణాన అదే కాలంలో ప్రైవేటు వ్యాపారం, అమెరికా డబ్బు. కలిశాక దక్షిణానికీ అదే విధానం తెచ్చారు, అయితే మెకాంగ్ రైతులు సహకార సేద్యాన్ని పూర్తిగా ఒప్పుకోలేదు. 1986లో డోయ్ మోయ్ అనే ఆర్థిక సంస్కరణలతో ప్రైవేటు వ్యాపారానికి తలుపులు తెరుచుకునేసరికి ఉత్తరం మూడు దశాబ్దాలు, దక్షిణం ఒక్క దశాబ్దం ఆ పద్ధతిలో గడిపాయి. కస్టమర్‌ను తిట్టి మరీ నూడుల్స్ పెట్టే కొన్ని కొట్లు హనోయ్‌లో పేరు పడ్డాయి. అది కూపన్ల కాలం నాటి అలవాటని చాలామంది వియత్నాం వాళ్లే అంటారు. క్యూలో నిలబడ్డవాడి కంటే కౌంటర్ వెనక ఉన్నవాడిదే పైచేయి అయిన రోజులవి.

దీనికి ఎదురు వాదన కూడా బలమైనదే. ఉత్తరాదివాళ్లు పొదుపరులు, మాట జాగ్రత్త ఎక్కువ, దక్షిణాదివాళ్లు చేతికి ఎముక లేనివాళ్లు అన్న ముద్రలు 1954 కంటే పాతవి. యుద్ధం వాటిని గట్టిపరిచి ఉండొచ్చు, పుట్టించలేదు. నేను ఈ వైపే మొగ్గుతాను. కొట్టువాడి తీరుకు కూపన్ల కాలం కారణం కావచ్చుగానీ, ఊరి అమరికకీ ఫో గిన్నెకీ కాలేదు.

## మన బుర్ర చేసే పని

ఇంతవరకు చెప్పినదంతా ఆ దేశం సంగతి. ఇక ప్రయాణికుడి సంగతి చూడాలి.

1946లో సాలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. ఒక మనిషి గురించి కొందరికి "తెలివైనవాడు, కష్టపడతాడు, దూకుడు, విమర్శిస్తాడు, మొండి, అసూయ" అని చెప్పాడు. ఇంకొందరికి అవే గుణాలు వెనక నుంచి ముందుకు చెప్పాడు. మంచి గుణాలు ముందు విన్నవాళ్లకు ఆ మనిషి మీద మంచి అభిప్రాయం కలిగింది. మాటలు అవే, వరుసే మారింది. మన ప్యాకేజీల్లో హనోయ్ ముందు వస్తుంది. జెట్‌లాగ్ కాకపోయినా నిద్రలేమి, కొత్త కరెన్సీలో సున్నాల గందరగోళం, రోడ్డు దాటే టెన్షన్ అన్నీ ఆ ఊరి ఖాతాలో పడతాయి. సైగాన్ చేరేసరికి స్కూటర్ల మధ్య రోడ్డు దాటడం వచ్చేసి ఉంటుంది. ఆ ధైర్యాన్ని ఊరి మంచితనంగా లెక్కేస్తాం.

ఇంకోటి, 1977లో లీ రాస్ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త పేరు పెట్టిన పొరపాటు: ఎదుటివాడి ప్రవర్తనకు అతని పరిస్థితిని వదిలేసి, అతని స్వభావాన్నే కారణం చేయడం. దీనికి మనకు బాగా అర్థమయ్యే ఉదాహరణ ఒకటుంది.

ఉదయం ఎనిమిదికి హనోయ్ పాత బజారులో ఒకావిడ అప్పుడే కొట్టు తెరిచిందనుకోండి. మీరు వెళ్లి ఒక పట్టు స్కార్ఫ్ ధర అడిగారు, నాలుగు విప్పించి చూశారు, సగానికి బేరమాడి, ఏమీ కొనకుండా వెళ్లిపోయారు. ఆవిడ మొహం మాడిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే కాగితం వెలిగించి సరుకు మీద తిప్పుతోంది. "ఎంత పొగరు!" అనుకుంటారు. జరిగిందల్లా బోణీ చెడటం. మొదటి బేరం ఎలా జరిగితే రోజంతా అలా సాగుతుందన్న నమ్మకం వాళ్లకూ ఉంది. చెడ్డ బోణీ పీడ వదలడానికే ఆ కాగితం మంట. దేశమంతా ఉన్నా, హనోయ్ వ్యాపారుల్లో ఈ పట్టింపు ఎక్కువని వియత్నాం వాళ్లే అంటారు. అదే పని మీరు సైగాన్‌లో సాయంత్రం ఆరింటికి చేస్తే, బోణీ ఎప్పుడో అయిపోయిన ఆసామి నవ్వుతూ "రేపు రండి" అంటాడు. గుంటూరులోనో వరంగల్‌లోనో పొద్దున్నే బేరమాడి కొనకుండా పోతే ఏమవుతుందో తెలిసిన మనమే, అక్కడికెళ్లి ఒక నగరం మొత్తానికి గుణం అంటగట్టేస్తాం.

పైగా మనం చూసేది హనోయ్ కాదు, పాత బజారు. సైగాన్ కాదు, 2025 దాకా డిస్ట్రిక్ట్ 1 అనిపించుకున్న నగర నడిబొడ్డు. చార్మినార్ చుట్టుపక్కల ఒక పూట తిరిగిన విదేశీయుడు తెలంగాణ వాళ్లింతే అని రాస్తే మనకెలా ఉంటుంది?

## విమానం దాటేసే మధ్య భాగం

రెండు గంటల విమానం ఎక్కినవాళ్లకు దేశం రెండు ముక్కలుగా కనపడటం సహజం. అదే దూరానికి రైలు ఉంది. ఫ్రెంచివాళ్లు 1936లో పూర్తిచేసిన 1,726 కిలోమీటర్ల లైను. 1954లో తెగిపోయి, 1976 చివర్లో మళ్లీ కలిసింది. 30 గంటలకు పైగా పడుతుంది. ఆ కిటికీలోంచి చూస్తే మార్పు ఏ ఒక్క స్టేషన్ దగ్గరా జరగదు. పులుసులో కారం హ్యూ దగ్గర పెరుగుతుంది, తీపి ఇంకా కిందికి పోయాక వస్తుంది. యాస అయితే హనోయ్, సైగాన్ వాళ్లకు ఒకరి మాట ఒకరికి బాగానే అర్థమవుతుంది. ఇద్దరికీ కష్టంగా ఉండేది మధ్యలోని న్గె అన్, హ్యూ వైపు మాట. ఉత్తరం-దక్షిణం అని రెండు గళ్ల పట్టిక వేసుకున్నవాళ్లు వీళ్లను ఏ గడిలో పెడతారు?

గళ్లలో ఇమడనివాళ్లు ఇంకా ఉన్నారు. 1954-55లో ఎనిమిది నుంచి పది లక్షల మంది ఉత్తరాదివాళ్లు, ఎక్కువమంది క్యాథలిక్కులు, దక్షిణానికి వచ్చేశారు. 1975 తర్వాత ప్రభుత్వ ఉద్యోగులు, పార్టీ వాళ్లు వచ్చారు. డోయ్ మోయ్ తర్వాత ఉత్తర, మధ్య ప్రావిన్సుల కుర్రవాళ్లు సైగాన్ పక్కనున్న బిన్ జుయాంగ్ ఫ్యాక్టరీలకు వచ్చారు, ఇప్పటికీ వస్తున్నారు. 2025 విలీనంలో ఆ బిన్ జుయాంగ్ హోచిమిన్ సిటీలో భాగమే అయిపోయింది. సైగాన్ వాళ్లు కలుపుగోలు అని మనతో అనిపించిన ఆ టాక్సీ డ్రైవరు, ఆ కాఫీ కొట్టు అమ్మాయి హ్యూకి ఉత్తరాన ఉన్న థాన్ హోవా నుంచో న్గె అన్ నుంచో వచ్చినవాళ్లు అయ్యే అవకాశం చాలానే ఉంది.